రెక్క కొస దగ్గర

ఆ వేసవిలో మైదానంలో నాకు మొదట నేర్పింది ఎగరడం కాదు, నిలబడటం.

మా గ్లైడర్ అనే చిన్న విమానానికి ఇంజన్ లేదు. పొట్ట కింద ఒకటే చక్రం. నేల మీద ఉన్నంతసేపూ అది, భోజనమయ్యాక మంచం మీద ఒరిగిన పెద్దమనిషిలా, ఒక రెక్క వాల్చుకుని పడి ఉండేది. ఎగరబోయే ముందు ఎవరో ఒకరు ఆ రెక్క కొసను ఎత్తి సమంగా పట్టుకోవాలి. కిలోమీటరు అవతల వించి అనే యంత్రం పొడవాటి ఉక్కుతీగను చుట్టుకుంటూ గ్లైడర్‌ని లాగుతుంది. తీగ బిగిసి గ్లైడర్ కదలగానే రెక్క పట్టుకున్న మనిషి నాలుగడుగులు పరిగెత్తి వదిలేయాలి. ఆకాశమంతా నాకోసమే ఖాళీగా ఉందనుకుని, పదహారేళ్ళ వయసులో, కొత్త నీలం యూనిఫాం వేసుకుని శిక్షణకి వెళ్ళినదాన్ని, మూడు వారాలు ఆ నాలుగడుగులే పరిగెత్తాను.

రెక్క పట్టుకున్నవాళ్ళకి ఇంకో పని కూడా ఉండేది. ముందూ వెనకా, పైనా, రెండు పక్కలా చూసి "అంతా ఖాళీ" అని గట్టిగా చెప్పాలి. ఏ చిన్న అనుమానం వచ్చినా రెక్క దించేసి, చెయ్యెత్తి "ఆపు" అని అరవాలి. రెక్క పట్టుకున్నవాళ్ళే అక్కర్లేదు, మైదానంలో ఎవరైనా అరవచ్చు. విన్న ప్రతివాళ్ళూ చెయ్యెత్తాలి. అలా చేతుల వరస అవతలి కొసన వించి నడిపే అక్క దాకా పాకితే, ఆమె యంత్రం ఆపేస్తుంది. ఆపినవాళ్ళకి, మాకు ఎగరడం నేర్పే సార్ ముందుగా థ్యాంక్స్ చెప్పేవారు. ఎందుకు ఆపావని ఆ తర్వాతే అడిగేవారు. కారణం ఏమీ లేదని తేలినా ఆ థ్యాంక్స్ వెనక్కి తీసుకునేవారు కాదు.

రెండో వారంలో మా గాలిసంచి ఆపాడు. వాడు నా ఈడువాడే. గాలి ఎటు వీస్తే అటు తిరిగే గుడ్డసంచిలాగే వాడి అభిప్రాయాలూ తిరుగుతాయని ఆ పేరు పెట్టాం.

"థ్యాంక్స్. ఏం చూశావు?" అన్నారు సార్.

"పాము, సార్."

"ఎక్కడ?"

వాడు గడ్డిలోకి వంగి చూసి, ఎర్రబడి, "తీగ, సార్. మన తీగే," అన్నాడు.

అందరం పగలబడి నవ్వాం. సార్ నవ్వలేదు. నవ్వుతున్న మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూశారు. "ఇప్పుడు నవ్విన వాళ్ళు రేపు నిజంగా పామును చూసినా నోరెత్తరు. మీ నవ్వు మీకే గుర్తొస్తుంది," అన్నారు. అది తిట్టు కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు.

మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. శని ఆదివారాల్లో మైదానం వైపు వెళ్ళే మొదటి బస్సు ఆయనదే. ఆఖరి స్టాపు నుంచి మా గేటు కనబడేది. డ్రైవరు వెనక సీటు నాది. ఆ వేళకి ఎక్కేవాళ్ళు నలుగురైదుగురికి మించి ఉండరు కనుక నాన్న నాతో మాట్లాడుతూ నడిపేవాడు.

"ఏం పైలటమ్మా, ఇవాళైనా ఎక్కిస్తారా, మళ్ళీ రెక్క మోయిస్తారా?"

"మోయడం కాదు నాన్నా, పట్టుకోవడం."

"అదేలే. పెళ్ళికొడుక్కి గొడుగు పట్టినట్టు."

దారిలో నేను ఆయనకి గడియారం దిక్కులు నేర్పాను. మన ముక్కు పన్నెండు. కుడిచెయ్యి మూడు, ఎడమచెయ్యి తొమ్మిది. పైలట్లు ఏది ఎక్కడుందో అలాగే చెప్పుకుంటారు.

"మరి ఆరు?"

"నీ వీపు."

"అయితే మీ అమ్మ ఎప్పుడూ ఆరింటికే అరుస్తుందన్నమాట."

అది మా ఆటైపోయింది. ఒంటిగంటకి పాల వ్యాను, రెండింటికి గోడ మీద పిల్లి అని నాన్న నాకంటే ముందే చెప్పేసేవాడు. నాలుగో వారం అనుకుంటా, నేను ఊరికే "తొమ్మిదింటికి?" అన్నాను.

"ఖాళీ," అన్నాడు నాన్న.

తొమ్మిదింటికి ఒక మనిషి సైకిలు తొక్కుతున్నాడు. మాతో సమంగా వస్తున్నాడు. అటువైపు కిటికీలోంచి చెయ్యి చాపితే అతని టోపీ తీసేయొచ్చు, అంత దగ్గర. నేనేమీ అనలేదు. నా మౌనం కాస్త ఎక్కువసేపు సాగినట్టుంది, నాన్న తల పూర్తిగా అటు తిప్పి చూశాడు. "ఆఁ, సైకిలు. చెప్పబోతున్నా," అన్నాడు. ఆ తర్వాత ఆఖరి స్టాపు దాకా ఇద్దరం ఆడలేదు.

ఒక విషయం తెలిసినప్పుడు అది కొత్తగా వచ్చి మనలో చేరుతుందనుకుంటాం. నా విషయంలో అలా జరగలేదు. ఎప్పటి నుంచో నాలో ఉన్నవి ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. అమ్మ మంచినీళ్ళ గ్లాసు ఎప్పుడూ నాన్న కుడిచేతి వైపే పెడుతుంది. రోడ్డు మీద ఆయనకి ఎడమ పక్కనే నడుస్తుంది. నాన్న ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక కమిలిన మచ్చ ఉంటుంది, అది వంటింటి తలుపు గడియ ఎత్తులోనే ఉంటుంది. మా ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఇల్లు మాత్రం ఎవరికీ చెప్పకుండా కొంచెం కుడివైపుకి జరిగింది.

ఆ మర్నాడే మైదానంలో అది జరిగింది.

ఆ రోజు గాలిసంచి ముందు సీట్లో, సార్ వెనక సీట్లో. రెక్క నాది. దిగేటప్పుడు ఎత్తు తగ్గించుకోవడానికి రెక్క మీదకి లేచే రెండు పలకలుంటాయి, ఎయిర్‌బ్రేకులంటారు. ఎగిరే ముందు వాటిని మూసి తాళం వేయాలి. సార్ తనిఖీ మధ్యలో ఉండగా ఎవరో వచ్చి ఏదో అడిగారు. సార్ జవాబు చెప్పారు. సీట్ల మీది అద్దాల మూత మూశారు. నేను రెక్క ఎత్తాను. నా వైపు పలక, రెక్క ఒంట్లోంచి వేలెడు పైకి లేచి ఉంది.

నేను చూశాను. చూడలేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకోబోయినా కుదరలేదు, ఎందుకంటే ఆ పలక అంచున ఎర్రరంగు చిన్న ముక్క ఊడిపోయి ఉండటం కూడా నాకు గుర్తుంది. సార్ ముప్ఫై ఏళ్ళుగా ఎగురుతున్నారు. ఆయనకి తెలిసే ఉంటుంది. "అంతా ఖాళీ," అన్నాను. తీగ బిగిసింది. నాలుగడుగులు పరిగెత్తి వదిలేశాను.

గ్లైడర్ ఎక్కాల్సినంత నిటారుగా ఎక్కలేదు. ఇళ్ళ కప్పులంత ఎత్తున ఈడ్చుకుంటున్నట్టు వెళ్ళింది. పలకలు రెండూ పూర్తిగా లేచి నిలబడ్డాయి. తర్వాత టపీమని మూసుకున్నాయి. సార్ తీగ వదిలేసి, మైదానం చివర్న గడ్డిలో దింపారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గాలిసంచి దిగి, కాళ్ళు చాపుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. వాడు అలా కూర్చోవడం చూసి నాకు మొదటిసారి భయమేసింది.

సార్ నా దగ్గరికి నడిచి వచ్చారు.

"పలక నీకు కనబడిందా?"

"కనబడింది, సార్."

"చెప్పినందుకు థ్యాంక్స్. ఎందుకు ఆపలేదు?"

"మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

ఆయన తలూపారు. "నువ్వు ఆపలేదు కాబట్టి అంతా సరిగ్గానే ఉందని నేననుకున్నాను. ఇద్దరం మంచి మర్యాదస్తులమే."

వించి అక్క అప్పటికి మోటారు సైకిలు మీద వచ్చేసింది. చేతులకి గ్రీజు. "నాకూ అనుమానమొచ్చింది సార్. ఏంటి, ఎక్కట్లేదు అనుకున్నా. నా ఇంజనుకే జబ్బేమో అనుకుని ఇంకాస్త లాగాను," అంది.

"అయితే ముగ్గురం," అన్నారు సార్. షెడ్డు గోడకి వేలాడే పొరపాట్ల పుస్తకంలో ఆ సాయంత్రం ఆయన తన చేత్తో రాశారు: 'నేను తనిఖీ మధ్యలో మాట్లాడాను. మళ్ళీ మొదటి నుంచి చేయలేదు.' నా గురించి రాయలేదు. కింద కాస్త ఖాళీ వదిలారు. తర్వాతి శనివారం నేనే రాశాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ నాన్న డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. "అమ్మా, నాన్నకి..." అన్నాను.

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న, బస్సులో. నీకు?"

"రెండేళ్ళయింది."

"చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? ఇరవై రెండేళ్ళలో బండికి ఒక్క గీత పడలేదని చెప్పుకునే బతుకుతున్నాడు ఆ మనిషి. ఏటా కళ్ళ పరీక్షకి వెళ్తాడు. కింద వరస దాకా అక్షరాలన్నీ చదివేస్తాడు. డాక్టరుకే కనబడంది నాకెందుకు కనబడాలి?"

"అక్షరాలు పన్నెండింటికి ఉంటాయమ్మా."

"ఏంటీ?"

"ఎదురుగా ఉంటాయి. పక్కన కాదు."

అమ్మ కాలరు మీద మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టింది. అప్పటికే అది చేసేసింది. "నువ్వు మాత్రం అనకు. నీ నోటంట వింటే కుప్పకూలిపోతాడు. నేనే ఏదో చూస్తాలే."

ఆ 'ఏదో చూస్తాలే' రెండేళ్ళ నాటిదని నాకు అర్థమైంది. దాన్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. నేను కూడా రెండు వారాలు బస్సులో ఆయన వెనక కూర్చుని ఏమీ అనలేకపోయాను. ఒకరోజు నోటిదాకా వచ్చింది.

"నాన్నా."

"ఊఁ."

"ఎడమ అద్దం సరిగ్గా ఉందా?"

"ఇరవై రెండేళ్ళ నుంచీ ఉంది. నీకెందుకే ఆ గొడవ?" అని నవ్వాడు. ఆ నవ్వు చివర కాస్త తొందరగా తెగిపోయింది. నా చూపు ఆయన ఎడమవైపు రోడ్డు మీదే ఉండేది. ప్రతి సైకిలునీ, ప్రతి పిల్లనీ నేనే చూసేదాన్ని. శని ఆదివారాలు నేనున్నాను. మిగతా ఐదురోజులూ అక్కడ ఎవరు చూస్తున్నారు? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు మైదానంలో వదిలేసిన ఆ రెక్క గుర్తొచ్చేది.

ఏడో వారం ఆదివారం కుటుంబాల్ని పిలిచారు. ఇంటివాళ్ళలో ఒకరు, ఇష్టమైతే, తమ పిల్లల ప్రయాణానికి రెక్క పట్టుకోవచ్చు. నేను సార్ దగ్గరికి వెళ్ళి, "మా నాన్న పట్టుకుంటారు," అన్నాను. ఆయన్ని అడిగి చెప్పిన మాట కాదు అది. ఎందుకు అలా అన్నానో ఇన్నేళ్ళుగా తవ్వుకుంటూనే ఉన్నాను. ఆయన్ని పట్టించాలనా? ఆయనకి దారి ఇవ్వాలనా? మనసు తన కారణాల్ని మనకి చెప్పే ముందు ఎంతో కొంత కడిగి, ఆరబెట్టి ఇస్తుంది. నాకు దొరికింది కడిగిన కారణమే.

ఆ రోజు నాన్న సెలవు పెట్టాడు. సెలవు రోజు కూడా డ్యూటీ చొక్కాయే వేసుకొచ్చాడు. అమ్మ మిగతావాళ్ళతో, చూసేవాళ్ళ కోసం కట్టిన తాడు అవతల నిలబడింది. రెక్క దగ్గరికి వెళ్తున్నది నాన్నేనని చూసినప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు కోపమో, బతిమాలడమో తేల్చుకోలేక నేను తలదించుకున్నాను.

నేను ముందు సీట్లో, సార్ వెనక. మూత మూయక ముందు సార్ నాన్నకి అందరికీ చెప్పినట్టే చెప్పారు. "డ్రైవర్ గారూ, చుట్టూ చూసి అంతా ఖాళీ అని చెప్పండి. ఏ అనుమానమున్నా దించేయండి. ఎందుకని ఎవరూ దెబ్బలాడరు. గట్టిగా చెప్పాలి సుమా."

"బస్సులో గొంతు అలవాటే సార్," అన్నాడు నాన్న.

గాలిసంచి ఆయనకి ఎడమ రెక్క కొసను ఎలా పట్టుకోవాలో చూపించి పక్కకి తప్పుకున్నాడు. నేను తనిఖీ మాటలు పైకి చదివాను. ఎయిర్‌బ్రేకులు, మూశాం, తాళం పడింది. తీగ తగిలించారు. రెక్క లేచింది. గ్లైడర్ నిటారుగా కూర్చుంది.

నాన్న ముందుకి చూశాడు. పైకి చూశాడు. కుడివైపు చూశాడు. ఎడమవైపు తల తిప్పాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు. మళ్ళీ ఎడమకి. మళ్ళీ ముందుకి. మూతలోంచి నాకు ఆయన మొహం స్పష్టంగా కనిపిస్తోంది. మొహంలో బాధ లేదు, లెక్క సరిపోని మనిషి లెక్క మళ్ళీ మళ్ళీ వేస్తున్నట్టుంది. మా బస్సులో రోజూ ఆయన ఆ క్షణాన్ని దాటేస్తూ ఉండి ఉంటాడు. ఇక్కడ ఆ క్షణం దాటితే తీగ చివర ఉన్నది నేను.

"అంతా ఖాళీ" అన్న మాట రాలేదు.

నా ఎడమవైపు నెమ్మదిగా కిందికి ఒరిగింది. నిద్రపోయిన పిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు నాన్న రెక్కని గడ్డి మీద ఆనించాడు. చెయ్యెత్తాడు. "ఆపు," అన్నాడు. బస్సు గొంతు కాదది. గాలిసంచి అందుకుని అరిచాడు. చేతులు ఒకదాని తర్వాత ఒకటి లేస్తూ వించి దాకా వెళ్ళాయి.

సార్ మూత తెరిచి దిగారు.

"థ్యాంక్స్ డ్రైవర్ గారూ. ఏం చూశారు?"

"ఏమీ లేదు సార్."

సార్ ఆగారు. గాలిసంచి మాత్రం నాలుగు దిక్కులా మెడ తిప్పుతున్నాడు.

"ఏమీ లేదని కూడా చెప్పలేను సార్," అన్నాడు నాన్న. "ఎడమవైపు తల తిప్పితే మైదానం ఉంటోంది. తిప్పకపోతే ఉండట్లేదు. లోపల పిల్ల ఉంది."

ఎవరూ నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

నాన్న తాడు వైపు చూశాడు. "ఆవిడకి తెలుసు," అన్నాడు.

అమ్మకి తెలుసని ఆయనకి తెలుసు. ఆ రెండేళ్ళూ గ్లాసు కుడివైపే ఎందుకుంటోందో ఆయనకి తెలుసు.

సార్ జాలి మాటలేమీ మాట్లాడలేదు. అందుకు నేనాయనకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. "అలాగే. రెక్క వదలకండి. మీరు ముందూ, పైనా, కుడివైపూ చూడండి. గాలిసంచీ, ఎడమవైపు నీది. ఇద్దరూ చెప్పాకే కదులుతాం," అన్నారు. వచ్చి కూర్చున్నారు. నాన్న రెక్క ఎత్తాడు. వాడు "ఎడమ ఖాళీ" అన్నాడు. నాన్న ఈసారి బస్సు చివరి సీటు దాకా వినబడే గొంతుతో "అంతా ఖాళీ" అన్నాడు. నాలుగడుగులు పరిగెత్తాడు. ఐదోది కూడా పరిగెత్తాడని తర్వాత గాలిసంచి చెప్పాడు.

ఆరు నిమిషాలు ఎగిరాం. పైనుంచి చూస్తే అమ్మ తాడు దాటి నడుస్తూ ఆయన దగ్గరికి వెళ్ళడం కనిపించింది.

ఆ తర్వాత గొప్పగా ఏమీ జరగలేదు. సోమవారం నాన్న డిపోకి వెళ్ళి తనే చెప్పాడు. కంటి డాక్టరు ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో మొహం పెట్టించి, చుక్కల్లాంటి వెలుగులు చూపించి, కనబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. "చాలాసేపు ఊరికే కూర్చున్నానే," అన్నాడు ఇంటికొచ్చి. ఆ ఊరికే కూర్చున్నప్పుడు కూడా వెలుగులు వస్తూనే ఉన్నాయని తర్వాత చెప్పారట. కంటిలో ఒత్తిడి. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టొచ్చు, ఇంకో ఏడాది ఆగి ఉంటే ఇంత కూడా మిగిలేది కాదు అన్నారు. రోజుకి రెండుసార్లు చుక్కల మందు. బస్సు నడపకూడదు. కొత్త డ్రైవర్లకి పాఠాలు చెప్పే గదిలో వేశారు.

పదిరోజులు నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. మందు అమ్మే వేసేది, తల వెనక్కి వాల్చి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి వేయించుకునేవాడు. పదకొండో రోజు నేను బూట్లు తుడుచుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నన్ను అక్కడ కావాలనే నిలబెట్టావా?"

"తెలీదు నాన్నా. నిజంగా తెలీదు."

బూటు వైపు చూశాడు. "సర్లే. మడమ దగ్గర ఇంకా మట్టుంది," అన్నాడు.

శిక్షణ ఆఖరి ఆదివారం నన్ను దింపడానికి వస్తానన్నాడు. అదే మొదటి బస్సు. స్టీరింగు ముందు ఎవరో కుర్రాడు. మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం, కిటికీ ఆయనకిచ్చాను. ప్రతి స్టాపు దగ్గరా నాన్న కుడికాలు నేలని నొక్కేది, కుర్రాడి కంటే ఒక క్షణం ముందు. కుర్రాడు గట్టిగా బ్రేకు వేస్తే నాలుక చప్పరించేవాడు. మూడు స్టాపులయ్యాక కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

"ఈ వీధిలో మేడల మీద ఇన్ని మొక్కలున్నాయా?"

"ఎప్పట్నుంచో ఉన్నాయి."

"నేను రోడ్డు చూసేవాణ్ణి కదే. మేడలెవరు చూశారు?"

కాసేపు బట్టలారేసుకుంటున్న మనుషుల్నీ, బాల్కనీలో పళ్ళు తోముకుంటున్న ముసలాయన్నీ నాకు చూపించాడు. తర్వాత మాటలు తగ్గాయి. కాలు నొక్కడం ఆగింది. నా భుజం మీద బరువు పడింది. ఇరవై రెండేళ్ళు అందరూ తన వెనక నిద్రపోతుంటే మేలుకున్న మనిషి, బస్సు కుదుపులకి తల ఊగుతూ, నోరు కొంచెం తెరిచి, నిద్రపోయాడు.

ఆఖరి స్టాపు వచ్చింది. అందరూ దిగారు. గేటు కనబడుతోంది. గేటు అవతల గ్లైడర్‌ని షెడ్డులోంచి బయటికి తోస్తున్నారు, ఆ రోజు వరసలో మొదటి పేరు నాదే. కుర్రాడు అద్దంలో మమ్మల్ని చూశాడు.

"దిగరా అండీ? వెంటనే వెనక్కి తిప్పాలి."

నేను వేలు పెదాల మీద పెట్టి, తిప్పమని చేత్తో చూపించాను. అతను ఒకసారి నాన్న వైపు చూసి, మరీ నెమ్మదిగా బస్సు తిప్పాడు.